శ్రమదినములలో తలంపుల ఉపవాసము

భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరు పండుగ ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములగును. వానిలోని 6 ఆదివారములు ప్రభువు పునరుత్థానమును స్మరించు దినములగుటచే ఉపవాసపు లెక్కలో చేరవు. మిగిలిన 40 దినములు ఆయన అరణ్యమందు ఉపవసించిన కాలమును మనకు జ్ఞాపకము చేయుచున్నవి.

ఈ దినములలో మాంసమును మానువారును, ఒకపూట భోజనమును విడుచువారును మన సంఘములలో గలరు. అది మంచిదే. అయితే కడుపు పస్తుండగా మనస్సు పగతోను, అసూయతోను, నిరాశతోను విందు చేసికొనుచున్నయెడల ఆ ఉపవాసమువలన ఫలమేమి? కావున తలంపుల ఉపవాసమును గూర్చి కొంత విచారింతము.

ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించినవారిలో ఎవాగ్రియస్ అను సన్యాసి ముఖ్యుడు. ఆయన ఐగుప్తు ఎడారిలో నివసించి 399వ సంవత్సరమున మృతినొందెను. మనుష్యుని బాధించు తలంపులను ఆయన ఎనిమిదిగా ఎంచెను. అవి యేవనగా: తిండిపోతుతనము, మోహము, ధనాశ, దుఃఖము, కోపము, విసుగుదల, వ్యర్థకీర్తి, గర్వము. పశ్చిమదేశపు సంఘములలో తరువాత ప్రసిద్ధికెక్కిన ఏడు ప్రధానపాపముల పట్టికకు ఇదియే మూలము.

విసుగుదలను ఆయన వర్ణించిన తీరు మన విద్యార్థులకు నవ్వు పుట్టింపకమానదు. విసుగు పట్టిన చదువరి ఆవులించును. ఇంకను ఎన్ని పుటలున్నవో లెక్కించును. వ్రాత బాగులేదని తప్పుపట్టును. తుదకు పుస్తకమును మూసి తలక్రింద నుంచుకొని నిద్రించును. పదునారు వందల యేండ్ల నాటి ఈ చిత్రము పరీక్షల ముందు ఏ వసతిగృహమునందైనను నేటికిని కానవచ్చును!

ఆయన బోధలో ముఖ్యమైన మాట యొకటి గలదు. చెడు తలంపులు మనస్సునొద్దకు వచ్చుట మన వశము కాదు. వానిని నిలుపుకొనుటయో, పంపివేయుటయో మాత్రము మన వశము. కాబట్టి కోపము కలిగినంతమాత్రమున తాను దుష్టుడనని ఏ బాలుడును, నిరాశ కలిగినంతమాత్రమున తాను విశ్వాసహీనురాలనని ఏ బాలికయు క్రుంగనక్కరలేదు. గుమ్మమునొద్ద నిలిచిన ప్రతివాడును ఇంటివాడు కాడు గదా!

మరి ఆ తలంపును పంపివేయుటెట్లు? మొదట దానికి పేరు పెట్టవలెను. "నేనెందుకును పనికిరాను" అని తోచినప్పుడు, ఇది సత్యము కాదు, దుఃఖమను తలంపు అని గుర్తింపవలెను. రెండవది, దానికి ప్రత్యుత్తరమియ్యవలెను. ప్రభువు అరణ్యములో శోధకునికి మూడు మారులును లేఖనములతోనే ఉత్తరమిచ్చెను. ఆ మాదిరి ననుసరించియే ఎవాగ్రియస్ ఒక్కొక్క తలంపునకు తగిన వాక్యములను ఏర్చి యొక గ్రంథము కూర్చెను. 42వ కీర్తనలో భక్తుడు క్రుంగిన తన ప్రాణమును తానే ప్రశ్నించి, దేవునియందు నిరీక్షణ నుంచుమని దానికి ధైర్యము చెప్పుకొనుట చూడుడి. మూడవది, ఖాళీయైన చోట మేలైనదానిని ఉంచవలెను. ఊడ్చి శూన్యముగా విడిచిన యింటికి అపవిత్రాత్మ మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చునని ప్రభువు హెచ్చరించెను. నిరాశ కలిగినచోట ఒక్క లెక్కయైనను చేయుడి; పగ యున్నచోట ప్రొద్దు గ్రుంకకముందే ఆ స్నేహితునితో మాటలాడుడి.

ఎడారి సన్యాసులు తమ తలంపులను పెద్దలకు తెలుపుకొను వాడుక గలవారు. మనమును అట్లే చేయుదము. దుఃఖము వారములకొలది విడువక, నిద్రాహారములు చెడినయెడల తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో చెప్పి వైద్యుని దర్శించుట విశ్వాసలోపము కాదు. తల్లిదండ్రులారా, అట్టి మాట చెప్పవచ్చిన బిడ్డను గద్దింపక, మొదట చెవియొగ్గి వినుడి.

శ్రమదినములు ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వరకుగల మాసములలోనే వచ్చును. మన పరీక్షలును ఇంచుమించు అప్పుడే. రెండింటికిని కావలసినది స్థిరమైన మనస్సే. దినమున కొక్క తలంపును గుర్తించి పంపివేయుదుమేని, ఈస్టరు ఉదయమున ఆ మహాసంతోషమునకు మన హృదయములలో చోటు మిగిలియుండును.