ఎంత డిజైనుకు అంత ఫ్రేము

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీను కొనడానికి షోరూముకు వెళ్లినవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఇదే: "దీంట్లో అన్నిటికంటే పెద్ద ఫ్రేము ఎంతండీ?" ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. "నేను ఎక్కువగా కుట్టబోయేది ఏమిటి? దాని కొలత ఎంత?" అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. మొదటి ప్రశ్న భయం నుంచి వచ్చింది, రేపు చాలకపోతే ఎలా అన్న భయం. రెండోది పని నుంచి వచ్చింది. మెషీనే కాదు, నేర్చుకునే కోర్సయినా, ఒప్పుకునే ఆర్డరయినా, అద్దెకు తీసుకునే షాపయినా ఈ రెండు ప్రశ్నల్లో దేనితో మొదలుపెట్టామన్నదాన్ని బట్టే నిర్ణయం తేలిపోతుంది.

ఈ మాట ముఖ్యంగా ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో, ద్వారకలోనో భర్త ఉద్యోగం కోసం వచ్చి, సొంత ఊళ్లో చేస్తున్న తమ ఉద్యోగం వదులుకుని, పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లోనే ఏదైనా మొదలుపెడదామనుకునేవాళ్లు ఎందరో. వాళ్లకు బ్లౌజు వర్కు మంచి దారి. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లి అనగానే బ్లౌజు మీద వర్కు ఉండాల్సిందే. మగ్గం వర్కు చేయించాలంటే హైదరాబాదుకో విజయవాడకో పంపాలి, లేదా ఇక్కడి కారీగర్లకు మన డిజైను విడమర్చి చెప్పాలి. ఇంటి పక్కనే తెలుగులో మాట్లాడి, తెలుగు కట్టు తెలిసి, చెప్పిన రోజుకి ఇచ్చే మనిషి దొరికితే ఎవరు వదులుకుంటారు? కాబట్టి గిరాకీ గురించి బెంగ వద్దు. బెంగ పెట్టుకోవాల్సింది మొదటి అడుగు సైజు గురించి.

ఇళ్లలో వాడే మెషీన్ల ఫ్రేములు సాధారణంగా కొన్ని సైజుల్లో వస్తాయి. 100 మిల్లీమీటర్ల చదరం, అంటే మనం నాలుగించులు అనేది. 130 బై 180, అంటే ఐదు బై ఏడు. ఆపైన 200 చదరం, 200 బై 280, 200 బై 300 లాంటివి. ఫ్రేము ఒక మెట్టు పెరిగితే మెషీను ధర ఎన్నో మెట్లు ఎక్కుతుంది. పేరులో ఉన్న అంగుళాలను కూడా గుడ్డిగా నమ్మకండి. నాలుగు అంగుళాలంటే నిజానికి 101.6 మిల్లీమీటర్లు. ఫ్రేములో సూది తిరగగలిగేది 100 వరకే. సరిగ్గా నాలుగించుల డిజైను తెచ్చి పెడితే మెషీను తీసుకోదు. కొత్తవాళ్లు మెషీను పాడైందనుకుని హైరానా పడతారు. మెషీనుకేమీ కాలేదు, కొలిచినవాళ్లు ఆ మిల్లీమీటరున్నర వదిలేశారు.

అసలు నియమం ఇది. డిజైను పట్టి, చుట్టూ కాస్త జాగా మిగిలే ఫ్రేముల్లో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకోవాలి. ఎందుకో అర్థమైతే ఇక మర్చిపోరు. ఫ్రేము గుడ్డను అంచుల దగ్గరే పట్టుకుంటుంది. నడుమ గుడ్డను పట్టేది ఏమీ లేదు. సూది నిమిషానికి కొన్ని వందల సార్లు దిగి లేస్తుంది. లేచిన ప్రతిసారీ దారంతో పాటు గుడ్డను కూడా పిసరంత పైకి లాగుతుంది. అంచు దగ్గరగా ఉంటే గుడ్డ వెంటనే తన చోటికి వస్తుంది. దూరంగా ఉంటే ఎగిరి ఎగిరి పడుతుంది, కుట్టు కుట్టుకీ వెంట్రుకవాసి జరుగుతుంది. చివరికి ఆకు లోపల నింపిన ఆకుపచ్చ ఒకచోట, దాని చుట్టూ వేసిన జరీ అంచు ఇంకోచోట పడి, నడుమ గుడ్డ తెల్లగా కనబడుతుంది. డిజైను చుట్టూ ముడతలు వస్తాయి. ఆ ముడతలు ఇస్త్రీకి లొంగవు.

పైగా ఈ మెషీన్లలో సూది ఉన్నచోటే ఉంటుంది, కదిలేది ఫ్రేము. 1828లో ఫ్రాన్స్‌లోని ముల్హౌస్‌లో జోషువా హైల్మన్ చేసిన తొలినాటి ఎంబ్రాయిడరీ యంత్రంలో కూడా కదిలింది గుడ్డ బిగించిన చట్రమే. అందుకే ఫ్రేము పెద్దదై, దాని నుంచి లెహంగా బరువు కిందికి వేలాడితే అది ఫ్రేమును లాగి డిజైనును వంకర చేస్తుంది. వేలాడే భాగాన్ని పక్కన బల్ల మీద ఆనించి పెట్టండి. ఇది ఏ మాన్యువల్లోనూ పెద్ద అక్షరాల్లో కనబడదు గానీ, బోలెడు బట్టను కాపాడుతుంది.

పనికి తగ్గ చిన్న ఫ్రేమే వాడాలన్న సంగతి పెద్ద పనివాళ్లకు బాగా తెలుసు. గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాకు, అంటే మన నోయిడాకు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వపు 'ఒక జిల్లా ఒక ఉత్పత్తి' పథకంలో దక్కింది రెడీమేడ్ దుస్తులే. ఇలాంటి దుస్తులు కుట్టేచోట టీషర్టు ఛాతీ మీద చిన్న లోగో వేయాలంటే, మెషీను ఎంత పెద్ద ఫ్రేము పట్టేదైనా, అరచేయంత గుండ్రటి రింగే బిగిస్తారు. ఢిల్లీలోని షాపూర్ జాట్ సందుల్లో చేతి పని చేసేవాళ్ల అడ్డాను, అంటే మన మగ్గాన్ని, దగ్గరగా చూడండి. అది మంచమంత పొడవు ఉంటుంది. అయినా చీర మొత్తాన్ని ఒకేసారి పరచరు. రెండు కర్రలకీ గుడ్డను చుట్టి, ఇప్పుడు కుట్టే మేర మాత్రమే బిగించి పెడతారు. అది పూర్తయ్యాక చుట్ట తిప్పి తర్వాతి భాగం బయటికి తీస్తారు. గుడ్డ ఎంతున్నా బిగువు మాత్రం ఇప్పుడు చేస్తున్న పని మీదే ఉంటుంది. ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరి, ఏడాదికి సరిపడా ప్రణాళిక వేసుకుని, వారం తిరక్కుండానే వదిలేసేవాళ్లు ఒక పూట వెళ్లి ఆ కర్రల మధ్య గుడ్డను చూసి రావాలని నా కోరిక.

ఇక ఫ్రేము బిగించే తీరు. ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే సగం పని ఇక్కడే ఉంది. బయటి రింగు స్క్రూ బాగా వదులు చేయండి. దాన్ని బల్ల మీద పెట్టి, పైన నాన్‌వోవెన్ పేపరు, దాని మీద బ్లౌజు గుడ్డ పరవండి. పేపరు ఫ్రేముకు అన్ని వైపులా బయటికి రావాలి. డిజైను నడిబొడ్డు ఎక్కడ రావాలో నీళ్లకు పోయే పెన్నుతో గుడ్డ మీద అడ్డగీత, నిలువుగీత గీయండి. లోపలి రింగు మీద ఉన్న నాలుగు గుర్తులూ ఆ గీతల మీదికి వచ్చేలా చూసుకుని, రెండు చేతులతో సమంగా కిందికి నొక్కండి. అప్పుడు స్క్రూ బిగించండి. వేలితో తడితే గుడ్డ బిగుతుగా తగలాలి. కానీ దారపు పోగులు తిన్నగా ఉన్నాయా, వంగాయా చూడండి. వంగితే మీరు గుడ్డను బిగించలేదు, సాగదీశారు.

తేడా పెద్దది. సాగదీసిన గుడ్డ ఫ్రేములో ఉన్నంతసేపూ అద్దంలా ఉంటుంది. కుట్టూ చక్కగా వస్తుంది. ఫ్రేము తీయగానే గుడ్డ తన కొలతకు వెనక్కి వస్తుంది, కుట్టు రాదు. ఇంకేముంది, అంతా ముడత. రాత్రి రెండింటి వరకు మేలుకుని, అన్నం మానేసి, శుక్రవారానికి ఇస్తానన్న బ్లౌజును బుధవారమే ఇచ్చేసే మనుషులు కూడా ఇలాగే పనిచేస్తారు. ఆ నెల బ్రహ్మాండంగా గడుస్తుంది. పెళ్లిళ్ల సీజను దాటాక మెషీను మీద గుడ్డ కప్పేసి ఆరు నెలలు దాని ముఖం చూడరు. నియమం పెట్టుకోండి, గట్టిగా పెట్టుకోండి. మీ పోగులు వంగేంత వరకు మాత్రం లాగకండి.

చిన్నది వాడమన్నాను గదా అని మరీ చిన్నదానిలో పెద్దదాన్ని ఇరికించకూడదు. ఆరంగుళాల నెమలిని నాలుగించులకు కుదించేద్దాం అనిపిస్తుంది. డిజైనును పదిశాతం అటూ ఇటూ మార్చవచ్చు, ఇరవై వరకు జాగ్రత్తగా చూసుకోవచ్చు. అంతకు మించితే, సాఫ్ట్‌వేర్ కుట్ల సంఖ్యను కొత్తగా లెక్కకట్టకపోతే, అవే కుట్లు తక్కువ చోటులో కిక్కిరిసిపోతాయి. గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది, దారం తెగుతుంది, సూది విరుగుతుంది. అంచుకు మరీ దగ్గరగా డిజైను పెట్టినా ప్రమాదమే. సూది పక్కనున్న ఫుట్ ఫ్రేముకు తగిలిందంటే ఖర్చు మీదే.

ఒక ఆర్డరు ఊహించుకోండి. పక్క టవరులో ఉండే ఆవిడ వచ్చి, "అక్కా, రెండు చేతుల మీదా నెమళ్లు ఎదురెదురుగా చూసుకోవాలి, కింద బార్డరు చుట్టూతా రావాలి, వీపు మీద పెద్ద పువ్వు కావాలి" అంది. మీ దగ్గర 130 బై 180 ఉంది. నెమలి అందులో హాయిగా పడుతుంది. రెండో చేతికి అదే డిజైనును అద్దంలో చూసినట్టు తిప్పేస్తే చాలు. బార్డరుకు రెండుసార్లు ఫ్రేము బిగించాలి. మొదటి ముక్క చివరనున్న గుర్తు మీద రెండో ముక్క మొదలు పెట్టాలి. డిజైనును కాగితం మీద అసలు కొలతలో ప్రింటు తీసి గుడ్డ మీద పరిచి చూసుకుంటే కలిసే చోటు తప్పదు. ఇది ఓపిక పని. ఓపిక ఉంటే చిన్న ఫ్రేముతో కూడా పెద్ద బార్డరు వస్తుంది. కానీ వీపు మీద పువ్వు ఎనిమిది అంగుళాలు, నడుమ ఎక్కడా తెంపడానికి వీల్లేని డిజైను. అప్పుడు ఏం చెప్పాలి? "ఆరున్నర అంగుళాల్లో వచ్చే పువ్వు ఇదిగో, ఇది నా దగ్గర అందంగా వస్తుంది. ఎనిమిదే కావాలంటే నా దగ్గర కుదరదు" అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం నోటి నుంచి రావడమే చాలామందికి కష్టం. చేయగలిగింది స్పష్టంగా చెప్పే మనిషి దగ్గరికి జనం మళ్లీ వస్తారు. అన్నిటికీ "సరే" అని, బట్ట పాడుచేసి, ఫోన్ ఎత్తని మనిషి దగ్గరికి రారు.

కొన్ని గుడ్డల దగ్గర ఫ్రేము పద్ధతే మారుతుంది. మఖ్మల్‌ను రింగులో బిగిస్తే నొక్కిన గుర్తు పోదు. అక్కడ పేపరును మాత్రమే ఫ్రేములో బిగించి, దాని మీద మఖ్మల్ పరిచి, చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో తాత్కాలికంగా పట్టి ఉంచాలి. సాగే గుడ్డకు కుట్టాక చింపి తీసే పేపరు పనికిరాదు, కత్తిరించి తీసే రకం వేయాలి. జార్జెట్ జారుతుంది, దానికి లోపలి రింగు చుట్టూ నూలు పట్టీ చుడితే పట్టు దొరుకుతుంది.

మరి పెద్ద ఫ్రేముకు ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడ నాకు ఢిల్లీ తెలుగువాళ్లు తరచూ తలుచుకోవాల్సిన మనిషి గుర్తొస్తారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్న వయసులోనే తన ఊళ్లో ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు. మద్రాసులో కొందరు స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించడం, ఆంధ్ర మహిళా సభను నిలబెట్టడం ఆ తర్వాత. రాజ్యాంగ సభ సభ్యురాలయ్యాక, ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. దేశమంతటికీ పనికొచ్చే మండలి పెడదామని రాజమండ్రిలో కూర్చుని ఎదురుచూడలేదు ఆవిడ. రాజమండ్రి బడి దగ్గరే ఆగిపోనూ లేదు. ఉన్న చోట నిండాక పక్కకు జరిగారు. జరిగిన ప్రతిసారీ ముందటి పనిలో నేర్చుకున్న చెయ్యి వెంట ఉంది.

మీ నిండుదనాన్ని ఊహించకండి, లెక్క రాయండి. ఒక నోటుబుక్కులో ప్రతి ఆర్డరు పక్కన డిజైను కొలత, ఎన్నిసార్లు ఫ్రేము మార్చారు, కుదరదని పంపేసినవి ఎన్ని, ఈ మూడూ రాయండి. కొన్ని నెలలు గడిచాక చూడండి. ఆర్డర్లలో ఎక్కువ భాగం బుటాలు, చేతి బార్డర్లు అయితే మీ ఐదు బై ఏడు మీకు ఇంకా చాలా పని చేసిపెడుతుంది. పెద్ద మెషీనుకు పెట్టాలనుకున్న డబ్బుతో మంచి దారాలు, మంచి పేపరు, కాస్త డిజిటైజింగ్ పాఠం కొనుక్కోండి. అలా కాక వీపు డిజైన్లు కావాలన్నవాళ్లనే పదేపదే వెనక్కి పంపుతున్నట్టు తేలితే పెద్దది తీసుకోండి, సంకోచించకండి. కొన్నాక కూడా బుటాకు చిన్న ఫ్రేమే బిగించండి. పెద్ద మెషీను వచ్చింది గదా అని చిన్నవాటిని అటక ఎక్కించకండి.

కొనే రోజున ఆ నోటుబుక్కు వెంట పెట్టుకుని వెళ్లండి. ఉషా సంస్థ ప్రధాన కార్యాలయమే గురుగ్రామ్‌లో ఉంది. ఇతర బ్రాండ్ల డీలర్లూ ఈ చుట్టుపక్కలే దొరుకుతారు. షోరూములో డెమో ఇచ్చేది సాధారణంగా గట్టి నూలు గుడ్డ మీద. దాని మీద ఏ మెషీనైనా బాగానే కుడుతుంది. మీరు మాత్రం మీ సంచీలోంచి ఒక పట్టు ముక్క, ఒక జార్జెట్ ముక్క తీసి ఇచ్చి, "వీటి మీద ఒకసారి చిన్న ఫ్రేములో, ఒకసారి పెద్ద ఫ్రేములో ఇదే పువ్వు కుట్టి చూపించండి" అని అడగండి. కుట్టాక రెండింటినీ ఫ్రేములోంచి తీయించి, బల్ల మీద పక్కపక్కన పరిపించి, ఆ తర్వాతే ధర మాట ఎత్తండి.