దారి వెతికే మూడు పద్ధతులు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం)

కాలువ చివరి పొలం మాది. నీళ్ళు రాకపోతే మా నాన్న గట్టెంబడి పైకి నడుస్తూ ఒక్కో తూము దగ్గరా ఆగి చూస్తాడు. ఇంటర్నెట్టులో ఆ పని చేసేది 'ట్రేస్‌రూట్'. 1980ల చివర్లో అమెరికాలో వాన్ జాకబ్సన్ దీన్ని రాశాడు.

ప్రతి ప్యాకెట్టులోనూ టి.టి.ఎల్. అనే అంకె ఉంటుంది. దారిలోని ప్రతి రూటరూ అందులోంచి ఒకటి తగ్గిస్తుంది. సున్న అయితే ప్యాకెట్టును పారేసి, గడువు తీరిందని పంపినవారికి కబురు చేస్తుంది. కనుక 1, 2, 3 అని పెంచుతూ పంపితే రూటర్లు వరుసగా బయటపడతాయి. జవాబు రానిచోట నక్షత్రం గుర్తు పడుతుంది.

పంపే ప్యాకెట్టును బట్టి పద్ధతులు మూడు. మొదటిది యు.డి.పి.: 33434 నుంచి మొదలయ్యే, ఎవరూ వాడని పోర్టులకు పంపుతారు. గమ్యం "ఆ పోర్టు లేదు" అంటే చేరినట్టే. రెండవది ఐ.సి.ఎం.పి.: విండోస్‌లోని 'ట్రేసర్ట్' వాడేది ఇదే. ఈ రెంటినీ చాలా ఫైర్‌వాల్‌లు ఆపేస్తాయి. మూడవది టి.సి.పి.: వెబ్‌సైటు తెరిచినట్టే 80 లేక 443 పోర్టుకు 'సిన్' ప్యాకెట్టు పంపడం. వెబ్‌సైటు నడవాలంటే ఆ తలుపు తీసి ఉంచక తప్పదు గనుక ఇది తరచు లోపలిదాకా పోతుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. మా ల్యాబులో సైటు తెరుచుకోలేదు. ట్రేసర్ట్ కొట్టాను, అయిదో మెట్టు నుంచీ అన్నీ నక్షత్రాలే. "దారి తెగిందిరా, ఇంక లాభం లేదు" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పేశాను. నా మాట నమ్మి ఇద్దరు మిత్రులు హాస్టలుకు వెళ్ళిపోయారు. తర్వాత మా లెక్చరరుగారు లినక్సు మిషను మీద టి.సి.పి. పద్ధతిలో 443కు పంపారు. గమ్యం చేరింది! తప్పల్లా నేను కూర్చున్న కంప్యూటరులో తేదీ తప్పుగా ఉండటం. అందుకే బ్రౌజరు సైటు సర్టిఫికెట్టును ఒప్పుకోలేదు. ఆ హెచ్చరిక తెర మీదే ఉంది, నేను చదవలేదు. పరుగెత్తి మిత్రుల్ని పిలుచుకొచ్చాను. ముగ్గురం రాత్రి లోపల దరఖాస్తు పంపాం.

టి.సి.పి. జవాబునూ గుడ్డిగా నమ్మరాదు. ఒక్కోసారి గమ్యం పేరుతో ఫైర్‌వాలే జవాబివ్వవచ్చు. పైగా ఇది దారి చూసుకోవడానికే గాని తాళం పగలగొట్టడానికి కాదు. ల్యాబువారి అనుమతితోనే చేయాలి.

జూనియర్లకు నా మనవి ఒక్కటే. నక్షత్రం కనబడితే దారి తెగిందని చెప్పకండి, జవాబు రాలేదని మాత్రం చెప్పండి. మిగతా రెండు పద్ధతులూ చూశాకే ఎవరినైనా ఇంటికి పంపండి.