తుపాకి చెక్కకు రంగు వేసే ముందు

పరిటాల

అబ్బాయీ,

నాన్న .315 తుపాకి లైసెన్సు నీ పేరుకు మారిందనీ, దాని చెక్కకు మచ్చల రంగు వేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. వెయ్యి, కాదనను. అయితే మిలిటరీ గుడ్డ చూసి అచ్చు దించకు. మన మెట్ట రంగులు వేరు. పత్తి పీకేశాక మిగిలే నల్లరేగడి, ఎండిన గడ్డి, కొండపల్లి అడవి అంచున తుమ్మ బెరడు, ఈ మూడూ చాలు. మచ్చలు పెద్దవిగా, తుపాకి పొడుగుకు అడ్డంగా పడాలి. పొడుగాటి ఆకారం ముక్కలైతేనే కన్ను మోసపోతుంది. 1915లో ఫ్రెంచి సైన్యం చిత్రకారులతో ఒక దళాన్నే పెట్టింది ఇందుకే.

ముందు తూటాలు లేవని రెండుసార్లు చూసుకో. తెలిసినవాడి చేత చెక్క విడదీయించు. పాత చెక్క అవిసె నూనె తాగి ఉంటుంది, దానిమీద ఏ రంగూ నిలవదు. టర్పెంటైన్ గుడ్డతో జిడ్డు పోయేదాకా తుడువు, సన్న గరుకు కాగితం పట్టు, ఆపైన ప్రైమర్. కొండపల్లి బొమ్మకు కూడా సున్నం పూత పడ్డాకే రంగులు. చేతిపట్టు దగ్గర చెక్కిన గళ్ళ మీద టేపు వెయ్యి. రంగు ఆ గళ్ళలో నిండితే చెమట చేతికి పట్టు జారుతుంది. లేతరంగు ముందు, ముదురు తర్వాత, పల్చగా కొట్టు. వేప రెమ్మ అడ్డం పెట్టి కొడితే ఆకుల నీడ అందంగా వస్తుంది. చివర మెరుపు లేని పూతే వెయ్యి. ఎండలో తళుక్కుమంటే పడ్డ శ్రమంతా వృథా.

ఇంతకీ నువ్వు చేను కాపలా కాసేది అడవిపంది కోసమే గదా, దానికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. అది వాసన పడుతుంది, చప్పుడు వింటుంది. పైగా చేలో పడేది రాత్రి, ఆ చీకట్లో ఏ మచ్చా పనికిరాదు. కాబట్టి ఈ రంగు నీ ముచ్చట కోసమే, చెక్కకు తడి పట్టకుండా కాపు కోసమే. పగలు కాపలాకి వెళ్ళేటప్పుడు నువ్వు మాత్రం పక్క చేనువాళ్ళకి కనబడేలా కాంతివంతమైన నారింజ తువ్వాలు వేసుకో. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వేటగాళ్ళు ఆ రంగు వేసుకు తీరాలని చట్టమే ఉంది.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నా. ఇనుము మీద కొట్టిన నంబరు జోలికి పోకు. దాన్ని చెరిపినా, మార్చినా 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. రంగు కింద దాగినా అధికారులకు అనుమానమే. పంటకు నష్టం చేసినా, అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా పందిని కాల్చడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. లైసెన్సు తుపాకికే గాని వేటకు కాదు. ఆ అనుమతి కాగితం చేతికొచ్చేదాకా చేలో డప్పు మోగించు, దీపం పెట్టు, కంచె బిగించు. తుపాకి బీరువాలోనే ఉండనీ.

మీ బాబాయి