గొంగడి

మానవుని వస్త్రధారణలో అతని వృత్తిజీవనం ప్రతిబింబిస్తుంది. సముద్రపు చలిగాలులను తట్టుకోవడానికి ఐరోపా నావికులు ధరించిన రెండు వరుసల బొత్తాల ముతక ఉన్నికోటు ‘పీ కోటు’గా జగత్ప్రసిద్ధమైంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గొర్రెలకాపరులకు అట్టి రక్షణనిచ్చిన వస్త్రం గొంగడి.

గొంగడి పుట్టుక దక్కని జాతి నల్లగొర్రెతో మొదలవుతుంది. కత్తిరించిన ఉన్నిని ఏకి, స్త్రీలు నూలు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు చేతిమగ్గంపై నేస్తారు. గంజి వలన పోగు తెగక నిలుస్తుంది. ఉన్ని సహజవర్ణమే దానికి అలంకారం. కోటువలె దీనికి కత్తిరింపు, కుట్టు లేవు. అయినా భుజాన వేస్తే ఉత్తరీయం. తలపై ముసుగుగా మడిస్తే వానకు రక్ష. నేలపై పరిస్తే పడక. ప్రజాగాయకుడు గద్దర్ భుజంపై అది ప్రజాకళకు చిహ్నమైంది.

చౌకగా లభించే మిల్లు దుప్పట్ల వలన గొంగడికి ఆదరణ తగ్గింది. మాంసం కోసం పెంచే నెల్లూరు జాతి గొర్రెలు మందలలో చేరడంతో ఉన్ని కూడా కొరవడింది. మగ్గం నిలవాలంటే ముందు ఆ నల్లగొర్రె నిలవాలి.

అర్థాలు: పడుగు = మగ్గంపై నిలువుగా సాగే దారాలు; ఉత్తరీయం = పైబట్ట.

ప్రశ్న: గొంగడి నేత క్షీణించడానికి గల కారణాలను వివరించండి.