కొత్త వంటగదిలో పొయ్యి వెలిగించే ముందు

వంటగది మరమ్మతు పూర్తికావచ్చిందా? వడ్రంగి సిలిండర్ గూటికి తలుపు బిగించడమే మిగిలిందా? అయితే ఒక్క నిమిషం ఆగండమ్మా.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలమీదనే పరుచుకుంటుంది. మూసిన గూటిలో పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. కాలిన గాయాలకు కట్లు కట్టే మాకు ఆ బాధ తెలుసు. కాబట్టి తలుపుకు కింద, పైన గాలి రంధ్రాలు పెట్టించండి.

• సిలిండర్ నిలువుగా, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి.
• రబ్బరు ట్యూబును గోడలో దాచవద్దు. 5 ఏళ్లకొకసారి మార్చండి.
• అతుకుల వద్ద సబ్బునీరు రాయండి. బుడగలొస్తే లీకే. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించవద్దు.

వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

రంధ్రాల సంగతి వడ్రంగికి ఈరోజే చెప్పండి.