చెల్లె జానతో చదువు బల్ల

మన హాస్టల్‌లో అందరికీ ట్రంకు పెట్టె ఉన్నది. పుస్తకాలు అందులో దాస్తం, రాత్రి చదువుకునేటప్పుడు దాని మీదనే పెట్టి రాస్తం. మరి తండాలో ఉన్న మన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు అట్లాంటి చోటు ఏది? 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన 'మన ఊరు – మన బడి' పథకంలోని 12 రకాల పనులలో బల్లలు కూడా ఉండె. కాని అవి బడికి. ఇంటి బల్ల మనమే చేసుకోవలె.

మా చెల్లె నాలుగో తరగతి. ఇంట్లో బోర్లా పండుకొని రాస్తది, లేకుంటే బియ్యం సంచి మీద పెట్టి రాస్తది. మెడ నొస్తది, అక్షరం వంకర పోతది. రాసిన నోటు అక్కడనే పడి ఉంటది. ఒకదాన్ని మేక తిన్నది, ఒకదానికి చెదలు పట్టింది. నోటు లేని పిల్ల భయపడి బడికి పోనంటది. రెండు రోజులు పోకుంటే మూడో రోజు పత్తి ఏరడానికి తీసుకపోతరు. మా తండాలో కొందరి చదువు ఇట్లనే ఆగింది. అందుకని దసరా సెలవుల్లో బాపు, కాకా, నేను కలిసి ఒక బల్ల చేసినం. దేవరకొండ బజారులో సేటు ముందట ఉండే గల్లాపెట్టె లాగ దానికి ఏటవాలు మూత, లోపల పుస్తకాల అర ఉంటయి.

చెక్క: ఎండకాలం గాలివానకు మా చెలకలో వేపచెట్టు విరిగింది. దాన్ని ముప్పావు అంగుళం మందం పలకలుగా కోయించినం. పలకకు పలకకు నడుమ పుల్లలు పెట్టి నీడలో ఆరబెట్టినం. పచ్చి చెక్క ఆరుతుంటే వెడల్పులో కుంచించుకుపోతది, అప్పుడు సందులు వస్తయి. వేప చేదు కనుక పురుగు తక్కువ పడుతది. నడుమ ఉండే చేవ భాగమే మంచిది. అడవి చెట్టు మాత్రం కొట్టవద్దు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

కొలతలు: బాపుకు అంకెలు రావు, జానతో కొలుస్తడు. నేను స్కేలుతో కొలిచిన. చెల్లె జాన 6 అంగుళాలు వచ్చింది. సక్లంముక్లం పెట్టి కూర్చుంటే ఆమె మోకాలు 5 అంగుళాలు, మోచేయి 8 అంగుళాల ఎత్తున ఉన్నయి. అప్పుడు ఇట్ల అనుకున్నం:

కాళ్లకు ఖాళీ 1 జాన (6 అంగుళాలు)
ముందు ఎత్తు జానన్నర (9 అంగుళాలు)
వెనుక ఎత్తు 2 జానలు (12 అంగుళాలు)
మూత లోతు 3 జానలు (18 అంగుళాలు)
మూత పొడవు 4 జానలు (24 అంగుళాలు)

తయారుచేయు విధానము:

1. 8 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల పొడవు గల పలకలు రెండు పక్కపక్కన పెట్టవలెను. రెండు కొసల నుంచి 6 అంగుళాల లోపల అడ్డపట్టీలు కొట్టవలెను. ఒక పట్టీ పైవైపు, రెండోది కిందివైపు కొట్టాలి. అప్పుడే బల్లకు రెండు పట్టీలూ లోపలికి వస్తయి.

2. ఒక అంచున 9, ఎదురు అంచున 12 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి గీత గీసి కోయాలి. 9 + 12 = 21 కాబట్టి ఒక్క కోతతో రెండు పక్కలు వస్తయి. మన లెక్కల పుస్తకంలోని ట్రెపీజియం ఇదే!

3. ముందర 3 అంగుళాల పలక, వెనుక 6 అంగుళాల పలక పక్కల అంచులకు కొట్టాలి. పొడవు 24. మొల 2 అంగుళాలది. ముందు బర్మాతో సన్న రంధ్రం చేస్తే చెక్క చీలదు.

4. మూల నుంచి మూలకు రెండు దిక్కులా తాడుతో కొలవాలి. రెండూ సమానంగా ఉంటే పెట్టె వంకర లేనట్టు.

5. లోపల పట్టీల మీద అడుగు పలకలు పరచి మొలలు కొట్టాలి. మూతను మడతబందులతో వెనుక పలకకు బిగించాలి. మూత కింది అంచుకు సన్న పట్టీ కొడితే పెన్ను జారదు.

6. ఉప్పు కాగితంతో అంతా రుద్దాలి.

జాగ్రత్తలు: మూత పడి వేళ్లు నలగకుండా ముందు మూలలకు సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాలి. చిటికెన వేలు పట్టే సందు కూడా ఉంచవద్దు, ఎలుక దూరుతది. మట్టి నేల మీద పెడితే చెదలు ఎక్కుతయి కనుక నాలుగు మూలల కింద షాబాదు బండ ముక్కలు పెట్టాలి. బండ మందానికి సరిగ్గా చెల్లె బొంత మడిచి దాని మీద కూర్చుంటది. బండలకు మట్టి గూడు కట్టిందేమో వారానికోసారి చూడాలి.

బాపు ఇంతకుముందు ఎక్కాలు బడిలోనే పనికొస్తయి అనుకునేటోడు. ఒక్క కోతకు రెండు పక్కలు వచ్చేసరికి ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి మూడు సార్లు చూసిండు. మా యాడి అయితే మేకను దూరంగా కట్టేసింది. ఇప్పుడు మూత వేసి ఉంటే లోపల పుస్తకాలు ఉన్నట్టే అని ఆమెకు చదవకుండానే తెలుస్తది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మీరూ మీ తమ్ముడి జాన కొలవండి. మోచేయి ఎత్తు కూడా చూసుకోండి. మోచేయి కన్న బల్ల చాలా పైకి ఉంటే భుజం నొస్తది.

లెక్క: తమ్ముడి జాన 5 అంగుళాలు అయితే మూత వైశాల్యం ఎంత? మా చెల్లె మూత 432 చదరపు అంగుళాలు. జవాబు ఈ కాగితం కింద ఖాళీలో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని