హెడ్ గ్యాస్కెట్: మిల్లీమీటరు మందంలో ఇంజను ప్రాణం

మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరు ఉంటే, దాని మూత అంచున ఒక రబ్బరు ఉంగరాన్ని మీరు చూసే ఉంటారు. అది పాతబడితే ఏమవుతుంది? ఆవిరి పక్కల నుంచి బుస్సుమంటూ బయటికి పోతుంది. విజిల్ రాదు, పప్పు ఉడకదు. "గ్యాస్కెట్ పోయింది, కొత్తది తేవాలి" అంటుంది అమ్మ.

కారు ఇంజనులో కూడా ఒక గ్యాస్కెట్ ఉంటుంది. దాన్ని హెడ్ గ్యాస్కెట్ అంటారు. కుక్కరు రబ్బరు చెడితే వంట ఆలస్యమవుతుంది, అంతే. హెడ్ గ్యాస్కెట్‌ను తప్పుగా ఎంచుకుంటే మాత్రం ఇంజనే పాడైపోవచ్చు.

ఒక సంగతి ఊహించుకోండి. మీ చిన్నాన్నకు ఒక డీజిల్ కారు ఉంది. అప్పు తెచ్చి కొన్నాడు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి కిరాయికి తిప్పుతాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం దారిలో కారు వేడెక్కి ఆగిపోయింది. పొగగొట్టం నుంచి తెల్లని పొగ వస్తోంది. ఆయిలు పుల్ల తీసి చూస్తే నూనె చిలికిన మజ్జిగలా ఉంది. కామారెడ్డికి లాక్కొచ్చి ఇంజను విప్పించారు. మెకానిక్ రెండు గ్యాస్కెట్లు బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది అగ్గువ, ఇది పిరం. ఏది వెయ్యమంటవు?" అని అడిగాడు.

మీరు పక్కనే ఉన్నారు. ఏమని సలహా ఇస్తారు? అది చెప్పాలంటే ముందు ఆ గ్యాస్కెట్ చేసే పని ఏమిటో తెలుసుకోవాలి.

ఏనుగును మించిన బలం

ఇంజను అడుగు భాగాన్ని బ్లాకు అంటారు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే సిలిండర్లు అందులోనే ఉంటాయి. వాటి పైన మూతలా బిగించే భాగం హెడ్. ఈ రెండింటి మధ్యా ఉండేదే మన గ్యాస్కెట్. దాని మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఆ పలుచని రేకు మూడింటిని విడివిడిగా ఉంచాలి: సిలిండరులో మండే వాయువు, ఇంజనును చల్లబరిచే నీరు, పైకి ఎక్కే నూనె. చిన్నాన్న కారులో నీరు పోయి నూనెలో కలిసింది. మజ్జిగ రంగుకు కారణం అదే.

కుక్కరులో పీడనం బయటి గాలి పీడనానికి సుమారు రెట్టింపు. టర్బో ఉన్న డీజిల్ ఇంజనులో, ఇంధనం మండే క్షణంలో, అది 150 రెట్లు దాకా పోతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోలు. సిలిండరు వ్యాసం 7.5 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. 44ను 150తో హెచ్చవేయండి. 6,600 కిలోలు! ఒక పెద్ద మగ ఏనుగు బరువును మించిన బలం హెడ్‌ను పైకి ఎగదోస్తున్నదన్నమాట. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే, ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 20 సార్లు ఇలా జరుగుతుంది.

టర్బో వల్ల అదనంగా వచ్చేదేమిటి?

మామూలు ఇంజను తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. టర్బో ఉంటే, బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలవు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ ఈ పద్ధతికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1962లో అమెరికాలో ఇది కార్లలోకి వచ్చింది. 1978లో మెర్సిడెస్ కంపెనీ టర్బో డీజిల్ కారును అమ్మకానికి పెట్టింది.

ఎక్కువ గాలి అంటే ఎక్కువ ఇంధనం మండించవచ్చు. చిన్న ఇంజనే పెద్ద బలం ఇస్తుంది. కాని ఆ బలం ఊరికే రాదు. పీడనమూ వేడీ పెరుగుతాయి. ఆ భారం మోసేవాటిలో గ్యాస్కెట్ ఒకటి.

రెండు లోహాల పేచీ

చాలా కార్లలో బ్లాకు పోత ఇనుముది, హెడ్ అల్యూమినియంది. వేడి చేస్తే లోహాలు వ్యాకోచిస్తాయని మీరు చదువుకున్నారు. అయితే అన్నీ ఒకే లెక్కన వ్యాకోచించవు. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.74 మిల్లీమీటరు సాగుతుంది. అంతే పొడవున్న ఇనుప బ్లాకు 0.35 మిల్లీమీటరే సాగుతుంది. ఇంజను వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ ఈ రెండూ గ్యాస్కెట్‌ను చెరో వైపుకు రుద్దుతాయి.

పూర్వం రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టి గ్యాస్కెట్లు చేసేవారు. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తరువాత ఉక్కు రేకుకు గ్రాఫైటు అతికించినవి వచ్చాయి. ఇవి మెత్తన. ఉపరితలం కొంచెం గరుకుగా ఉన్నా సర్దుకుపోతాయి. ఇప్పటి టర్బో ఇంజన్లలో ఎక్కువగా కనబడేవి పొరల ఉక్కు గ్యాస్కెట్లు. మూడు నాలుగు పలుచని స్ప్రింగు ఉక్కు రేకులను ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ప్రతి సిలిండరు చుట్టూ రేకును గట్టులా ఉబ్బేటట్లు నొక్కుతారు. పైన సన్నని రబ్బరు పూత ఉంటుంది. హెడ్ వెంట్రుకవాసి లేచినా ఆ గట్టు స్ప్రింగులా తానూ లేచి సందు మూసేస్తుంది.

మరి ఖరీదైనది కొంటే పని అయిపోయినట్లేనా? కాదు. ఉక్కు గ్యాస్కెట్ గీతలనూ గుంటలనూ కప్పలేదు. దానికి అద్దంలాంటి నునుపైన, సమతలమైన ముఖాలు కావాలి. అందుకే వేడికి వంగిన హెడ్‌పై నిటారు ఉక్కు బద్దను ఆనించి, కిందికి సన్నని గేజి రేకులు దూర్చి చూస్తారు. ఎంత వంపు దాకా ఫరవాలేదో ఆ ఇంజను పుస్తకంలో ఉంటుంది. చాలా ఇంజన్లకు అది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

మందమూ ముఖ్యమే

ఒక్కొక్క సిలిండరులో పిస్టన్ 373.8 ఘన సెంటీమీటర్ల గాలిని 20.8 ఘన సెంటీమీటర్లలోకి నొక్కుతున్నదనుకోండి. మొత్తం 373.8ని 20.8తో భాగిస్తే 18 వస్తుంది. ఇదే సంపీడన నిష్పత్తి. ఇప్పుడు 0.3 మిల్లీమీటరు మందం ఎక్కువున్న గ్యాస్కెట్ వేద్దాం. పైన 1.3 ఘన సెంటీమీటర్ల చోటు పెరుగుతుంది. నిష్పత్తి 17కు పడిపోతుంది. డీజిల్ మండేది నిప్పురవ్వతో కాదు, నొక్కిన గాలి వేడితో. కనుక చలికాలం తెల్లవారుజామున బండి కదలనని మొండికేస్తుంది. గ్యాస్కెట్ మరీ పలుచనైతే ఇంకా ప్రమాదం. పైకి వచ్చిన పిస్టన్ హెడ్‌కు కొట్టుకుంటుంది.

అందుకే చాలా డీజిల్ ఇంజన్లకు రెండు మూడు మందాల గ్యాస్కెట్లు తయారు చేస్తారు. గుర్తుగా అంచున రంధ్రాలో గాట్లో ఉంటాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు ముఖం మీదికి ఎంత పొడుచుకు వస్తుందో డయల్ గేజితో కొలిచి, తగినది ఎంచుకోవాలి. మన దేశంలోనూ తిరిగిన స్కోడా ఆక్టేవియాలోని 1.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజనుకు లెక్క ఇది: 0.91 నుంచి 1.00 మిల్లీమీటరు దాకా అయితే ఒక రంధ్రం, 1.01 నుంచి 1.10 దాకా రెండు, 1.11 నుంచి 1.20 దాకా మూడు. రంధ్రాలు పెరిగిన కొద్దీ మందం పెరుగుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. నాలుగు పిస్టన్ల కొలతలు 1.04, 1.06, 1.03, 1.12 వచ్చాయి. ఏ గ్యాస్కెట్ వేయాలి? సగటు తీస్తే 1.06 వస్తుంది కనుక రెండు రంధ్రాలది అంటారా? ఆగండి. హెడ్‌కు కొట్టుకునేది సగటు పిస్టన్ కాదు, అన్నిటికంటే పైకి వచ్చిన పిస్టన్! అది 1.12. కనుక మూడు రంధ్రాలదే వేయాలి. లెక్కల్లో సగటు మంచి సాధనమే. కాని ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా లెక్కల్లో భాగమే.

చిన్నాన్నకు ఏం చెబుదాం?

ధర అడగక ముందు కొలతలు అడగమని చెప్పండి. ఆ ఇంజనుకు తయారీదారు చెప్పిన రకమే, కొలిచిన మందంలో కొనాలి. హెడ్, బ్లాకు ముఖాలు చూపించుకోవాలి. సాగేటట్లు బిగించే రకం బోల్టులైతే పాతవి మళ్ళీ వాడకూడదు. బిగింపు మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో సాగాలి. అన్నిటికీ ముందు ఇంజను ఎందుకు వేడెక్కిందో కనిపెట్టాలి. బోరు నీళ్ళ సున్నం రేడియేటరును పూడ్చి ఉంటే, ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా మళ్ళీ లింగంపేట దారిలోనే ఆగుతుంది. అన్నట్లు, వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎన్నడూ తీయకండి. పీడనంలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటి ఉండి, ముఖం మీదికి చిమ్ముతుంది.

మీరూ చేసి చూడండి: ఒక ఉక్కు స్కేలు అంచును మీ పలక మీద నిలబెట్టి, వెనుక దీపం పెట్టి చూడండి. కింద ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్లు. చదునుగా ఉందనుకున్న పలక ఎంత చదునో అప్పుడు తెలుస్తుంది.